భేష్ మాస్టారి సన్మాన పత్రం

ఆ వ్యవసాయ కళాశాలలో మొక్కల జబ్బుల లెక్చరరుగారు పచ్చగా ఏపుగా ఉన్న మొక్కను మెచ్చుకోగా విన్నవాళ్ళు లేరు. జబ్బు చేసిన మొక్క కనబడితే మాత్రం ఆయన మొహం వెలిగిపోయేది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఆకును వెనక్కి తిప్పి, ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూసి, "భేష్!" అనేవారు. ఎండుతెగులుకి ఒక భేష్. వేరుకుళ్ళుకి రెండు. ఇంకా ఎవరూ పేరు పెట్టని తెగులు దొరికిందా, వరసగా మూడు. విద్యార్థులు మొదలుకొని గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరూ ఆయన్ని భేష్ మాస్టారనే అనేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నాకొచ్చిన ప్రమోషన్ అదొక్కటే" అనేవారు.

ఆయన సన్మాన పత్రం రాసే పని చిన్న మేడం మెడకు చుట్టుకుంది. ఆ డిపార్ట్‌మెంటులో అందరికన్నా చిన్న లెక్చరరు ఆవిడే కాబట్టి ఆ పేరు. ప్రిన్సిపాల్ గదిలోకి పిలిపించి, ఫైల్లోంచి తలెత్తకుండానే విషయం చెప్పాడు.

"ఆయనకేదో ప్రపంచ స్థాయి పతకం వచ్చిందటమ్మా. పేపర్లవాళ్ళు ఫోన్ చేసి, మీరేం చేస్తున్నారని నన్ను అడుగుతున్నారు. ఏదో ఒకటి చెయ్యకపోతే బాగోదు. పత్రం నువ్వు రాయి."

"నేనే ఎందుకు సార్?"

"మిగతా అందరికీ ఆయనతో గొడవలున్నాయి."

"నాకూ ఉంది సార్."

"నీది చిన్నదే అయ్యుంటుందిలే. జూనియర్‌వి కదా" అన్నాడు ప్రిన్సిపాల్. ఆవిడ గుమ్మం దాటబోతుంటే వెనక్కి పిలిచి, "ఒక్క మాట. ప్రతి పేరాలోనూ 'కళాశాల ప్రోత్సాహంతో' అని ఒక్కసారైనా పడాలి" అన్నాడు.

చిన్న మేడం గొడవ చిన్నది కాదు. దాని వయసు పంతొమ్మిదేళ్ళు.

ఆవిడకు పదకొండేళ్ళప్పుడు వాళ్ళ ఉమ్మడి కుటుంబానికి రెండువందల నలభై చెట్ల బత్తాయి తోట ఉండేది. నాటిన ఐదో ఏడు, మంచి కాపు మీద ఉండగా ఆకులు మచ్చలు మచ్చలుగా పసుపెక్కాయి. కాయలు ఒకవైపు పండి, ఒకవైపు పచ్చిగానే ఉండి, వంకరపోయి రాలిపోయాయి. ఎవరో చెబితే కళాశాల నుంచి ఒక మాస్టారు వచ్చాడు. ఇంటిల్లిపాదీ చావు కబురు వినబోయేవాళ్ళలా నిలబడి ఉంటే, ఆ మహానుభావుడు కొమ్మ వంచి, ఆకు తిప్పి, పెద్దగా నవ్వాడు. "భేష్! భేష్! ఇంత చక్కని కేసు నా సర్వీసులో చూడలేదు!" అన్నాడు. వారం తిరక్కుండా రెండువందల నలభై చెట్లూ నరికి తగలబెట్టారు. నాన్న గోదాములో గుమాస్తాగా చేరాడు. ఆ పిల్ల మాత్రం పెద్దయ్యాక అదే చదువు చదవాలని, చదివి ఆ నవ్విన మనిషిలా కాకుండా ఉండాలని ఒట్టేసుకుంది. ఆ కళాశాలలోనే చదువుకుంది, అక్కడే ఉద్యోగమూ తెచ్చుకుంది. విద్యార్థిగా నాలుగేళ్ళు, లెక్చరరుగా ఆరేళ్ళు, పదేళ్ళుగా ఆయన ఎదుటపడినప్పుడల్లా పళ్ళు బిగించి నమస్కారం పెడుతూనే ఉంది. తానెవరో మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు.

అలాంటి మనిషి గురించి ఇప్పుడు మంచి మాటలు పోగుచెయ్యాలి. మొదట అటెండరును అడిగింది.

అటెండరు పాతికేళ్ళుగా మాస్టారి గది బయట స్టూలు మీద కూర్చున్నవాడు. రైతులు పాడైన పంట పట్టుకుని వస్తే లోపలికి పంపేముందు, "అయ్యా, లోపల సారు మీ జబ్బుని పొగుడుతారు. కోపం తెచ్చుకోకండి, ఆయన నోరే అంత" అని హెచ్చరించడం అతని అసలు ఉద్యోగం. ఒకసారి ఒకాయన కుళ్ళిన టమాటాల బుట్ట తెచ్చాడు. మాస్టారు ఒక కాయ తీసి వెలుతురుకి పట్టుకుని, "భేష్! ఎక్కడ దొరికిందండీ మీకు ఈ బంగారం?" అన్నారు. టమాటాలతో సహా బుట్ట ఆయన నెత్తిమీదికి లేచింది.

"ఇప్పటికి ఆరుసార్లు లేచాయి మేడం బుట్టలు. నేనే లెక్కపెట్టా."

"వేశారా ఎవరైనా?"

"లేదు. ఎత్తుతారు, సారు ఇంకా ఏదో చెబుతూనే ఉంటారు, కాసేపటికి దించేస్తారు. అదేంటో మేడం, ఏడుస్తూ లోపలికెళ్ళినవాళ్ళు తిట్టుకుంటూ బయటికొస్తారు. తిట్టుకుంటూ పోయినవాళ్ళు మళ్ళీ పంటకి మళ్ళీ వస్తారు."

అందులో పత్రానికి పనికొచ్చే ముక్క ఏదీ చిన్న మేడంకు కనిపించలేదు. మాస్టారి భార్య దగ్గరకు వెళ్ళింది. ఆవిడ క్వార్టర్స్ వరండాలో బట్టలు మడతపెడుతూ, వచ్చిన పని వినగానే నవ్వింది.

"మంచి మాటా? ఉండు, ఆలోచించుకోనీ. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నేను చేసిందాన్ని ఒక్కసారే మెచ్చుకున్నారమ్మా. అది బూజు పట్టిన రొట్టె. మూడు రంగుల్లో పట్టిందట. ఇరుగుపొరుగుని పిలిచి మరీ చూపించారు."

"ఇంట్లో కూడా ఇంతేనా అమ్మగారూ?"

"ఫ్రిజ్‌లో పై అర మాది, కింది మూడూ ఆయన తెగుళ్ళవి. చుట్టాలొస్తే ఫ్రిజ్ వైపు వెళ్ళనివ్వను. ఒకసారి మా మరిది చీకట్లో తడుముకుని ఏదో నోట్లో వేసుకున్నాడు. మీ మాస్టారు కంగారుపడిపోయారు. మరిది గురించి కాదులే, ఆ నమూనా మళ్ళీ దొరకదని."

మిగతా కథ కళాశాలలో అందరికీ తెలిసిందే. ప్రిన్సిపాల్‌కు గులాబీలంటే ప్రాణం. తన గది ముందు స్వయంగా నీళ్ళు పోసి పెంచుకున్నాడు. ఒకనాడు బయటినుంచి పెద్దలు తనిఖీకి వచ్చారు. వాళ్ళు ఆ పూలను చూసి ముచ్చటపడుతుండగా, అటుగా పోతున్న మాస్టారు ఆగి, ఒక ఆకు తిప్పి, "భేష్! నల్లమచ్చ తెగులుకి ఇంతకన్నా మంచి మడి దేశంలో లేదండీ. మా పిల్లలకి పాఠం చెప్పాలంటే ఇక్కడికే తీసుకొస్తాను" అని అందరికీ వినబడేట్టు చెప్పి వెళ్ళిపోయారు. ప్రిన్సిపాల్ మొహం గులాబీకన్నా ఎర్రబడింది. మరుసటి వారమే మాస్టారి ప్రయోగశాలను వెనకవైపు జనరేటర్ పక్క గదిలోకి మార్చేశారు.

ఆ గది మార్పు దెబ్బ ఆయన పరిశోధన మీద పడింది. మాస్టారు అప్పటికి చాలాకాలంగా బత్తాయి, నిమ్మ జాతి చెట్లకు జబ్బులేని మొక్కలు తయారుచేసే పనిలో ఉన్నారు. ముదురు చెట్టు చిగురు కొసను, ఆవగింజలో సగం ఉండే ముక్కను, భూతద్దం కింద కోసి లేతమొక్కకు అంటుకట్టాలి. ఆ కొసలోకి మాత్రం జబ్బు చేరదు. చెయ్యి వెంట్రుకవాసి వణికినా ఆ మొక్క పోయినట్టే. జనరేటర్ మోగిందంటే బల్ల గజగజలాడేది. కరెంటు పోతే ఊళ్ళో అందరి పనులూ ఆగినట్టే ఆయన పనీ ఆగేది, కాకపోతే చీకటివల్ల కాదు, వెలుతురిచ్చే జనరేటర్ అదురువల్ల. అలా తొమ్మిదేళ్ళు చేసి సాధించారు. ఆ పరిశోధన మొదటిసారి అచ్చయినప్పుడు పైన ప్రిన్సిపాల్ పేరుంది, కింద మరో ఇద్దరి పేర్లున్నాయి. మాస్టారి పేరు లేదు. ఎక్కడో బయటిదేశం వాళ్ళు, మాస్టారు తమకు రాసిన పాత ఉత్తరాలు తిరగేసి అసలు మనిషెవరో కనుక్కుని, పతకం పంపారు. ఇప్పుడు దానికి సన్మానం.

ఇదంతా రాస్తే ప్రిన్సిపాల్ ఊరుకోడు. చిన్న మేడంకూ రాయాలన్న ఉత్సాహం లేదు. ఆయనకు అన్యాయం జరిగిన మాట నిజమే, అయినా మా తోట కాలిపోతుంటే నవ్వినవాడికి ఆమాత్రం శాస్తి జరగాల్సిందేనని లోపల ఎక్కడో అనుకుంది. ఒకపూట కూర్చుని ఎవరికైనా సరిపోయే పత్రం రాసేసింది. నిరంతర కృషి, నిస్వార్థ సేవ, అన్నీ వేసింది. 'కళాశాల ప్రోత్సాహంతో' ఐదు చోట్ల పడింది. ప్రిన్సిపాల్ ఎర్రపెన్నుతో దాన్ని ఆరు చేశాడు.

ఇంటికెళ్ళి ఆ కాగితం తల్లి ముందు పడేసింది. "చూడమ్మా. మన తోటని చూసి ఇకిలించినవాడికి నా చేత్తో పొగడ్తలు రాయాల్సొచ్చింది."

తల్లి కాగితం చదవలేదు. దానితోపాటు పడ్డ సన్మానం ఆహ్వాన పత్రం మీద ఉన్న మాస్టారి ఫొటోనే చాలాసేపు చూసింది.

"నేనూ వస్తాను" అంది.

"నువ్వెందుకు?"

"ఆయన్ని ఒకటి అడగాలి."

"అమ్మా, నా ఉద్యోగం అక్కడ. పదిమందిలో గొడవ పెట్టుకుంటావా ఏంటి?"

"గొడవో కాదో అడిగితేగా తెలిసేది" అని తల్లి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సన్మానం రోజున హాలు నిండింది. తల్లిని మూడో వరసలో కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, చిన్న మేడం వేదిక మీద కుర్చీలు సర్దడానికి వెళ్ళింది. తిరిగి చూస్తే మూడో వరసలో తల్లి లేదు. బయట వరండాలో లేదు, నీళ్ళ కుళాయి దగ్గర లేదు. పరుగులాంటి నడకతో వెనకవైపుకు వెళ్ళేసరికి జనరేటర్ పక్క గదిలోంచి తల్లి గొంతు వినిపించింది. చిన్న మేడం తలుపు బయటే ఆగిపోయింది.

"నన్ను గుర్తుపట్టలేదు మీరు" అంటోంది తల్లి.

"మొహాలు నాకు గుర్తుండవమ్మా. ఏం పంట?" అన్నారు మాస్టారు.

"బత్తాయి. రెండువందల నలభై చెట్లు."

"బావి గట్టు నుంచి మూడు వరసలు ముందుగా ఎండాయి. అదేనా?"

"అదే."

"మీ తమ్ముడి తోట ఎలా ఉంది?"

"మళ్ళీ మీరిచ్చిన మొక్కలే వేశాడుగా. బాగా కాస్తున్నాయి."

మేనమామ తోట కూడా ఆ ఏడే కొట్టేశారని చిన్న మేడంకు తెలుసు. ఇద్దరికీ కాలం కలిసిరాలేదని అనుకుంది తప్ప, ఈయన అక్కడికి వెళ్ళాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"ఆ రోజు మా బావగారు మిమ్మల్ని నిలదీశారు, గుర్తుందా?" అంది తల్లి. "'మా మరదలు పుట్టింటినుంచి తెచ్చి నాటిన మొక్కలవల్లే వచ్చిందా ఇది? అవునో కాదో ఒక్క ముక్క చెప్పండి' అన్నారు. ఇంట్లో పదకొండుమంది నా మొహమే చూస్తున్నారు. అవునని మీరు ఒక్క మాట అని ఉంటే ఆ ఇంట్లో నేను మళ్ళీ తలెత్తుకోలేకపోయేదాన్ని. మీరు భేష్ భేష్ అంటూ ఆకు తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టారు. నువ్వుగింజంత పురుగు గాలికి ఎగిరొచ్చి అంటిస్తుందన్నారు. దీన్ని ఆపే మొనగాడు ఇంకా పుట్టలేదన్నారు. అరగంట పొగిడారు దాన్ని. మా బావగారికి తల తిరిగి, సరే ఏం చేస్తాం అని కూర్చుండిపోయారు. ఆ సాయంత్రం బావి దగ్గర నేను ఒక్కదాన్నే ఉంటే వచ్చి, ఆ మొక్కలిచ్చిన తోట ఎక్కడమ్మా అని అడిగారు."

"అడిగాను."

"అంటే మీకు అప్పటికే తెలుసు."

లోపల మాస్టారు సీసాలు సర్దుతున్న చప్పుడు.

"తెలిసీ మా బావగారికి అబద్ధం చెప్పారా మాస్టారూ?"

"అబద్ధమా!" మాస్టారికి పౌరుషం వచ్చింది. "నేనా? పురుగు మోసుకొస్తుందన్నాను. మోసుకొస్తుంది. పుస్తకాల్లో ఉంది, కావాలంటే చూపిస్తాను. మీ తోటకి అలాగే వచ్చిందని నేను అన్లేదు. మీ బావగారు అలా విన్నారు. ఆయన చెవులకి నేను పూచీ కాదు."

తల్లి నవ్విన చప్పుడు.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇంట్లో నిజమే చెప్పానమ్మా" అన్నారు మాస్టారు, ఈసారి నెమ్మదిగా. "ఇది ఫలానా తమ్ముడు తెచ్చిన విత్తనంతో వచ్చిందని, అందరి ముందూ. నాకు తెలిసింది చెప్పాను అంతే. మళ్ళీ నెలకి వెళ్తే ఆ తమ్ముడు లేడు. పొమ్మన్నారట. జబ్బు రెండేళ్ళలో పోయింది. వాడు మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. అప్పట్నుంచి మనుషుల ఊసెత్తడం మానేశాను. జబ్బునే పొగుడుతాను. అంత గొప్పదాని చేతిలో ఓడిపోయామని అనుకుంటే, ఒకళ్ళనొకళ్ళు తినెయ్యకుండా ఉంటారు. నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనీ. సాయంత్రానికి నేను మా ఇంటికి వెళ్ళిపోతానుగా."

చిన్న మేడం ఆరేళ్ళుగా క్లాసులో చెబుతున్న పాఠం ఒకటుంది. గాలికి వచ్చిన జబ్బు తోటలో చెదురుమదురుగా మొదలవుతుంది, మొక్కతోపాటు వచ్చిన జబ్బు వరసల్లో మొదలవుతుంది. బావి గట్టు నుంచి మూడు వరసలు. అవి అమ్మ పుట్టింటి మొక్కలు. ఆ వరసల్లో ఆడుకుంటూ పెరిగి, ఆ పాఠం వందసార్లు చెప్పి, తన తోటకు మాత్రం దాన్ని ఒక్కసారీ అన్వయించి చూసుకోలేదు. లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లక, వచ్చినదారినే హాల్లోకి వెళ్ళిపోయింది.

సభ మొదలైంది. ప్రిన్సిపాల్ నలభై నిమిషాలు మాట్లాడాడు. అందులో ముప్పై ఐదు నిమిషాలు తన గురించి. మాస్టారిని వేదిక మీద చివరి కుర్చీలో, స్పీకరు డబ్బా వెనక కూర్చోబెట్టారు. ముందు వరసలవాళ్ళకు ఆయన బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. తరవాత పత్రం చదవడానికి చిన్న మేడంను పిలిచారు.

ఆవిడ కాగితం చూసింది. నిరంతర కృషి, నిస్వార్థ సేవ. దాన్ని మడిచి చేతిలో ఉంచుకుని, ఎదురుగా చూస్తూ మొదలుపెట్టింది.

"కళాశాల ప్రోత్సాహంతో వీరు తొమ్మిదేళ్ళు జనరేటర్ పక్క గదిలో పనిచేశారు."

ప్రిన్సిపాల్ చిరునవ్వుతో ఒక వేలు ముడిచాడు.

"బల్ల అదురుతుంటే ఆవగింజలో సగం ముక్కకి అంటుకట్టడం, కళాశాల ప్రోత్సాహంతో, ప్రపంచంలో వీరొక్కరే నేర్చుకున్నారు. కళాశాల ప్రోత్సాహంతో వీరికి పద్నాలుగు మెమోలు అందాయి."

వెనక వరసల్లో విద్యార్థులు కిసుక్కుమన్నారు. మూడో వేలు ముడవబోయిన ప్రిన్సిపాల్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"వీరి పరిశోధన, కళాశాల ప్రోత్సాహంతో, వీరి పేరు లేకుండా అచ్చయింది. ముప్పై నాలుగేళ్ళు, కళాశాల ప్రోత్సాహంతో, వీరికి ఒక్క ప్రమోషన్ కూడా రాలేదు. ఇన్నాళ్ళకి వేరే దేశం వాళ్ళు గుర్తుచేస్తే, ఇవాళ కళాశాల ప్రోత్సాహంతో ఈ పూలగుత్తి ఇస్తున్నాం."

ఆరుసార్లూ పడ్డాయి. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అటెండరు తలుపు దగ్గర నిలబడి ఈల వేశాడు. పుట్టింటి మొక్కల సంగతి మాత్రం ఆవిడ ఎత్తలేదు. అది ఆ హాలుకు సంబంధించిన విషయం కాదు.

మాస్టారు స్పీకరు వెనకనుంచి లేచి, "అందరికీ చాలా థాంక్స్. రెండున్నరకి కరెంటు పోతుందట. ఈలోగా నాలుగు అంట్లు కట్టుకోవాలి" అని, పతకం జేబులో వేసుకుని దిగి వెళ్ళిపోయారు.

మర్నాడు పదిన్నరకల్లా చిన్న మేడం బల్ల మీద మెమో ఉంది. సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. ఆవిడ దాన్ని పట్టుకుని తిన్నగా మాస్టారి గదికి వెళ్ళింది. ఆయన మెమోను వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"నాకు వచ్చినవాటికన్నా మంచి కాగితం వాడారు. కూర్చో. సంజాయిషీలు రాయడంలో ఈ భవనంలో నన్ను మించినవాడు లేడు. మొదటి వాక్యం ఎప్పుడూ వాళ్ళకి థాంక్స్ చెబుతూ ఉండాలి."

ఆవిడ కూర్చోలేదు.

"సార్, నిన్న మిమ్మల్ని చూడటానికి వచ్చినావిడ మా అమ్మ."

మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఆవిడ వంక చూశారు.

"బత్తాయి తోటా?"

"అవును సార్."

"ఆ రోజు మీ ఇంటి మెట్ల మీద ఒక పిల్ల కూర్చుని నన్ను నమిలి మింగేసేట్టు చూసింది. నువ్వేనా?"

"నేనే సార్. మీకు మొహాలు గుర్తుండవన్నారుగా?"

"మొహం గుర్తులేదు. ఆ చూపు గుర్తుంది." మాస్టారు పెద్ద బరువు దిగినట్టు నిట్టూర్చి, కుర్చీ లాగి ఆవిడ వైపు జరిపారు. "పదేళ్ళ నుంచి క్లాసులోనూ వరండాలోనూ అదే చూపు. నీకేదో కళ్ళజబ్బు ఉందనుకున్నానమ్మా. బాధపడతావేమోనని ఇన్నాళ్ళూ అడగలేదు."